షికాగోలో ఇల్లు వెతుకుతూ ఓట్ల పటం చూసేవారికి

మా చిన్నాన్నగారి అబ్బాయికి షికాగోలో ఉద్యోగం ఖాయమైంది. ఇళ్ళు చూడడం మొదలుపెట్టకముందే అతను నాకొక పటం పంపించాడు. 2020 అధ్యక్ష ఎన్నికల్లో ఏ పోలింగ్ ప్రాంతం ఎవరి వైపు మొగ్గిందో డెమోక్రాట్లకు నీలం, రిపబ్లికన్లకు ఎరుపు రంగు వేసి చూపించే పటం అది. దాని కింద ఒకటే ప్రశ్న: "అన్నయ్యా, ఇందులో మనం ఎక్కడ ఉండవచ్చు?" వెనుకటి రోజుల్లో ఇక్కడికి వచ్చేవారు బడుల గురించి, మెట్రా రైలు స్టేషన్ దూరం గురించి అడిగేవారు, పార్టీల గురించి అడిగినవారు నాకు గుర్తు లేరు. అడగడం తప్పని నేననను. రూపాన్ని బట్టో, యాసను బట్టో తమను ఎవరైనా వేరుగా చూస్తారేమోనన్న జంకు ఉన్నవారికి ఆ రంగులు కొంత ధైర్యం ఇస్తాయి. ఇళ్ళ ఏజెంటును అడిగితే ఏమీ తేలదు. ఏ వాడలో ఏ జాతివారు, ఏ మతంవారు ఉంటారో చెప్పి కొనుగోలుదారును ఒక వైపుకు మళ్ళించడం 1968 నాటి సమాన గృహవసతి చట్టం ప్రకారం చెల్లదు. ఆ చట్టంలో పార్టీల ఊసు లేకపోయినా, జాగ్రత్త తెలిసిన ఏజెంటు ఆ మాట కూడా ఎత్తడు. అందుకే మనవాళ్ళు పటాలను ఆశ్రయిస్తున్నారు. ఆ పటం అబద్ధం చెప్పదు. కానీ ఇల్లు కొనేవాడు తెలుసుకోవలసినది అందులో చాలా తక్కువ.

ముందు నగరం సంగతి. షికాగో చివరి రిపబ్లికన్ మేయర్ విలియం హేల్ థాంప్సన్ 1931లో ఓడిపోయాడు, ఆ పదవి ఆ పార్టీకి మళ్ళీ దక్కలేదు. అందువల్ల పటంలో నగరం దాదాపు అంతా నీలంగా కనిపిస్తుంది, చూసినవారు ఊరంతా ఒకే మాట మీద ఉందనుకుంటారు. అయితే 1983లో హెరాల్డ్ వాషింగ్టన్ డెమోక్రాటిక్ అభ్యర్థిగా మేయర్ పదవికి నిలిచినప్పుడు, ఏళ్ళ తరబడి ఆ పార్టీకే ఓటేసిన వాయవ్య, నైరుతి భాగాల తెల్లవారి వాడలు పెద్ద ఎత్తున రిపబ్లికన్ అయిన బెర్నార్డ్ ఎప్టన్ వైపు తిరిగాయి. వాషింగ్టన్ నల్లజాతీయుడు కావడం తప్ప ఆ మార్పుకు మరో కారణం వెతకనక్కరలేదు. ఆయన స్వల్ప ఆధిక్యంతో గెలిచాడు గానీ, 50 మంది ఉన్న నగర మండలిలో 29 మంది జట్టు కట్టి ఏళ్ళపాటు ఆయనను ముందుకు కదలనివ్వలేదు. ఆ జట్టును నడిపించినవారు ఆయన సొంత పార్టీ పెద్దలే. 2023లో మేయర్ పదవికి పోటీపడిన బ్రాండన్ జాన్సన్, పాల్ వాలస్ ఇద్దరూ తాము డెమోక్రాట్లమనే చెప్పుకున్నారు. వాయవ్య, నైరుతి వాడలు, నగర మధ్యంలోని ఎత్తైన భవనాల ప్రాంతం వాలస్ వైపు నిలిస్తే, దక్షిణ, పశ్చిమ భాగాల నల్లవారి వాడలూ, లోగన్ స్క్వేర్, రోజర్స్ పార్క్ వంటి చోట్లా జాన్సన్‌కు ఓట్లు పడ్డాయి. నగరాన్ని నిజంగా చీల్చే ఈ గీత అధ్యక్ష ఎన్నికల పటంలో ఎక్కడా కనిపించదు.

నగరంలో ఎరుపు చుక్కలు ఉన్నచోట కూడా కారణం ఆ నేల గుణం కాదు. నగరపాలక సంస్థ ఉద్యోగులు నగర హద్దుల్లోనే కాపురం ఉండాలన్న నిబంధన ఉంది. దాని వల్ల పోలీసులు, అగ్నిమాపక సిబ్బంది హద్దును ఆనుకుని ఉన్న మౌంట్ గ్రీన్‌వుడ్, ఎడిసన్ పార్క్ వంటి వాడల్లో తరాలుగా స్థిరపడ్డారు. శివారు ఊరిలాంటి వీధులు, నగరపు జీతం, రెండూ కావాలంటే వారికి మిగిలినవి ఆ అంచులే.

ఇక శివార్లు. మన తెలుగువారు ఎక్కువగా చూసే నేపర్‌విల్, అరోరా వైపు ఉన్న డుపేజ్ కౌంటీ (కౌంటీ అంటే మన జిల్లా వంటిది) రిపబ్లికన్లకు పెట్టని కోటగా పేరుపొందింది. 1852 తరువాత 2008లో ఒబామాకు వచ్చేదాకా అక్కడ ఏ డెమోక్రాటిక్ అధ్యక్ష అభ్యర్థికీ ఆధిక్యం రాలేదు. 2020 నాటికి ఆ పార్టీ అక్కడ తేలికగా గెలిచే స్థితికి చేరింది. చదువుకున్నవారు ఆ పార్టీ వైపు జరగడం, ఆసియా, లాటినో కుటుంబాలు పెరగడం ఇందుకు కారణాలు. అయితే ఆ పన్నెండేళ్ళలో అక్కడి ఇళ్ళు మారలేదు, వీధులు మారలేదు, కారు లేకుండా పాల డబ్బా తెచ్చుకోలేని స్థితీ మారలేదు. రంగు మారిన కౌంటీలో బతుకు మారిందేమిటని పాత కాపురస్థులను అడిగితే ట్రాఫిక్ పెరిగిందని చెబుతారు.

రాజకీయ వాతావరణానికి అసలు విలువే లేదని మాత్రం అనలేను. ఇదే డుపేజ్ కౌంటీలో, నేపర్‌విల్ దగ్గర ప్రార్థన, విద్యా కేంద్రం పెట్టుకుంటామని ఇర్షాద్ లెర్నింగ్ సెంటర్ అనే ముస్లిం సంస్థ అడిగితే కౌంటీ బోర్డు 2010లో అనుమతి నిరాకరించింది. 2013లో ఫెడరల్ కోర్టు ఆ నిర్ణయాన్ని తప్పుపట్టింది. బోర్డులో ఎవరు కూర్చున్నారన్నది అటువంటప్పుడు లెక్కకు వస్తుంది. కానీ గమనించండి, అక్కడ కూడా పార్కింగ్, రాకపోకల రద్దీ, భూవినియోగం అన్న మాటల్లోనే వాదన నడిచింది. ఈ దేశంలో ఇరుగుపొరుగు రాజకీయమంతా భూవినియోగ నిబంధనల భాషలోనే మాట్లాడుతుంది.

నగరానికి పడమట ఆనుకుని ఉన్న శివారు ఊరు ఓక్ పార్క్‌ను చూడండి. ఉదారవాదానికి అది పెట్టింది పేరు. 1968లోనే ఇళ్ళ అమ్మకాల్లో జాతి వివక్షను నిషేధించింది. తూర్పున ఆస్టిన్ బులెవార్డ్ దాటితే వచ్చే షికాగో వాడ కొద్ది ఏళ్ళలోనే తెల్లవారు ఖాళీ చేయగా పూర్తిగా మారిపోతున్న కాలంలో, ఇవతలి ఊరు కలిసి బతకడానికి పట్టుబట్టి ప్రయత్నించింది. 1984లో చేతి తుపాకులనూ నిషేధించింది, 2010లో సుప్రీంకోర్టు తీర్పుతో ఆ నిషేధం పోయింది. రైలు ఉంది, చెట్లున్నాయి, నడిచి వెళ్ళగల దుకాణాలున్నాయి. అన్నీ బాగున్నాయనుకుని ఆస్తి పన్ను బిల్లు చూస్తే గుండె గుభేలుమంటుంది. నచ్చిన విలువలున్న ఊరు భరించగలిగే ఊరు కావాలని ఎక్కడా లేదు.

ఆస్తి పన్ను దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే ఇక్కడ బతుకు బరువును నిర్ణయించేది అదే. బిల్లులో సగానికి పైగా బడులకు పోతుంది. ఒక ఏడాది పన్ను మరుసటి ఏడాది కడతాము కనుక కొత్తగా కొన్నవారికి మొదటి బిల్లు అర్థం కాదు. షికాగో ఉన్న కుక్ కౌంటీలో పన్ను లెక్క కోసం నివాస గృహాన్ని మార్కెట్ విలువలో 10 శాతంగా, వ్యాపార భవనాన్ని 25 శాతంగా లెక్కిస్తారు. చుట్టూ ఉన్న కౌంటీల్లో ఇల్లయినా దుకాణమైనా మూడో వంతే. అందుకని కౌంటీ గీతకు అటూ ఇటూ ఉన్న రెండు ఊళ్ళ పన్ను రేట్లను నేరుగా పోల్చితే లెక్క తప్పుతుంది. ఇంకా ముఖ్యమైనది దక్షిణ శివార్ల కథ. ఫ్యాక్టరీలు, దుకాణాలు వెళ్ళిపోయిన హార్వీ, పార్క్ ఫారెస్ట్ వంటి ఊళ్ళలో బడికీ అగ్నిమాపక దళానికీ కావలసిన డబ్బు మిగిలిన ఇళ్ళ మీదనే పడుతుంది. దాంతో రేటు పెరుగుతుంది. రేటు చూసి కొనేవారు వెనక్కి తగ్గుతారు, ఇళ్ళ ధర ఇంకా పడిపోతుంది, మరుసటి ఏడాది రేటు మళ్ళీ పెరుగుతుంది. ఉత్తరాన సరస్సు ఒడ్డున ఉన్న విన్నెట్కా, విల్మెట్ సంపన్నుల ఊళ్ళు. పటంలో ఇవీ నీలమే, అవీ నీలమే. నా దృష్టిలో ఆ పటం గుట్టు బయటపడేది ఇక్కడే.

ఈ నిర్ణయాలన్నీ ఎవరు చేస్తారు? ఇల్లినాయ్ రాష్ట్రంలో దాదాపు 7,000 స్థానిక పాలనా సంస్థలున్నాయి, దేశంలో మరే రాష్ట్రంలోనూ ఇన్ని లేవు. ఊరి బోర్డు, బడి బోర్డు, పార్కుల జిల్లా, గ్రంథాలయ జిల్లా, టౌన్‌షిప్ అనే కౌంటీ ఉపవిభాగం, అన్నింటికీ వేరువేరు పన్ను అధికారం. ఇక్కడ ఈ జిల్లాలంటే ఒక్కో పని కోసం ఏర్పడిన చిన్న పాలనా సంస్థలు. శివార్లలో వీటిలో చాలావాటికి బేసి సంవత్సరాల ఏప్రిల్‌లో ఎన్నికలు జరుగుతాయి. చాలాచోట్ల బ్యాలెట్ మీద పార్టీ పేర్లుండవు, ఓటర్లలో ఎక్కువ మంది గడప దాటరు. అధ్యక్ష ఎన్నికల రోజున క్యూలో నిలబడి సెల్ఫీ తీసుకున్నవారే తమ పన్నును పెంచే మనిషిని ఎన్నుకునే రోజున ఇంట్లో ఉంటారు. నేనూ మూడు నాలుగు సార్లు అలాగే ఉన్నాను.

నా కళ్ళు తెరిపించినది నేలమాళిగలోకి వచ్చిన మురుగునీరు. నగరంలోనూ, చుట్టూ ఉన్న పాత ఊళ్ళలోనూ వాననీరు, మురుగు ఒకే గొట్టంలో పోతాయి. కుండపోత కురిస్తే ఆ నీరు వెనక్కి తంతుంది. దీని కోసమే 1975లో డీప్ టన్నెల్ అనే భూగర్భ సొరంగాల పని మొదలుపెట్టారు, అయినా వీధి గొట్టం ఇరుకైతే సొరంగం ఉండీ లాభం లేదు. మా ఊరి బోర్డు పెద్ద గొట్టం వేయడానికి రుసుము ప్రతిపాదించినప్పుడు మొదటిసారి సమావేశానికి వెళ్ళాను. అక్కడ పెరట్లో ఏ అభ్యర్థి బోర్డు పెట్టినవారు ఏ పక్షాన మాట్లాడతారో ఊహించబోయి పూర్తిగా బోల్తాపడ్డాను. వీధి వాలుకు పైన ఉన్నవారు రుసుము వద్దన్నారు, కింద ఉన్నవారు కావాలన్నారు. నేను కింద ఉన్నాను.

వీసా మీద ఉన్నవారికి ఓటే లేదు, మరి ఇదంతా ఎందుకని మా తమ్ముడు అడిగాడు. పన్ను మాత్రం పౌరసత్వం అడగదు కదా! ఒక మినహాయింపు కూడా ఉంది. షికాగో ప్రభుత్వ బడులకు 1988 చట్టంతో ఏర్పడిన స్థానిక పాఠశాల మండళ్ళ ఎన్నికల్లో, పిల్లలను ఆ బడికి పంపే తల్లిదండ్రులు పౌరులు కాకపోయినా ఓటు వేయవచ్చు. నగరంలో ఇల్లు తీసుకునే మనవాళ్ళలో ఈ సంగతి తెలిసినవారు నాకు ఇద్దరు ముగ్గురే తగిలారు.

పోయిన వారం అతనికి పటానికి బదులు మూడు ఊళ్ళ పన్ను బిల్లుల నమూనాలు, ఒక ఊరి బోర్డు ఏడాది సమావేశాల నివేదికలు పంపించాను. రెండు రోజులు ఉలుకూ పలుకూ లేదు. తరువాత ఫోన్ చేసి మొట్టమొదట అడిగిన ప్రశ్న ఇది: "అన్నయ్యా, ఈ దోమల నివారణ జిల్లా ఏమిటి? దానికి మనం వేరే పన్ను ఎందుకు కట్టాలి?"