తొమ్మిదో తరగతి దాటినా అమ్మాయిలు గ్రౌండ్‌లో ఉండాలంటే

ఆరేడు తరగతుల్లో అబ్బాయిలతో సమానంగా పరిగెత్తిన అమ్మాయిలు తొమ్మిదికొచ్చేసరికి ఒక్కొక్కరే మానేస్తారు. బెంగళూరులో మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్, కేఆర్ పురం వైపు మన తెలుగు ఇళ్లలో దీనికి ఎక్కువగా వినిపించే మాటలు రెండు: "పెద్దమనిషైంది, ఇంకా ఆటలేంటి?", "టెన్త్ కానీ, తర్వాత చూద్దాంలే." ఈ రెండింటికీ జవాబు చెప్పగలిగేది పీటీ మేడమే. కానీ చాలా స్కూళ్లలో ఆవిడ చేతికి విజిల్ ఇస్తారు, నిర్ణయాలు మాత్రం ఇవ్వరు. గ్రౌండ్ ఏ వేళ ఎవరిదో, స్టోర్ రూమ్ తాళం ఎవరి దగ్గరుండాలో, జట్టులో ఎవరుండాలో ఆవిడే తేల్చాలి. ఈ మూడూ చేతిలో లేకపోతే అమ్మాయిల జట్టు యాన్యువల్ స్పోర్ట్స్ డేకి ముందు నెలరోజులు కనబడి మాయమైపోతుంది.

గ్రౌండ్ చిన్నదని వెనకాడక్కర్లేదు. ఖోఖోకి 27 మీటర్ల పొడవు, 16 మీటర్ల వెడల్పు కావాలి. మహిళల కబడ్డీకి 12 మీటర్లు, 8 మీటర్లు చాలు. సాయంత్రం ఖాళీ మొత్తాన్నీ అబ్బాయిల క్రికెట్ ఆక్రమించే చోట, అమ్మాయిలకు వారంలో మూడు పొద్దులు ప్రేయర్‌కి ముందు గంటసేపు టైమ్ టేబుల్లోనే రాయించుకోవడం మేలు. బెంగళూరు ట్రాఫిక్‌లో ఏ తల్లికైనా సాయంత్రం ఆలస్యమే పెద్ద భయం. పొద్దున ప్రాక్టీస్ పెడితే ఒక చిక్కుంది: పిల్లలు ఖాళీ కడుపుతో వస్తారు. అరటిపండో, రాగి జావో, ఒక పల్లీ చిక్కీయో తిని రమ్మని మొదటి రోజే చెప్పాలి.

ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో మోకాళ్ల విషయంలో అసలు జాగ్రత్త కావాలి. ఆ వయసులో ఎత్తూ బరువూ పెరిగినంత వేగంగా తొడల బలం, తుంటి బలం పెరగవు. దూకి దిగేటప్పుడు మోకాళ్లు లోపలికి వాలతాయి. మోకాలి లోపల ఎముకల్ని పట్టి ఉంచే ఏసీఎల్ అనే లిగమెంట్ (పట్టీ) తెగే ప్రమాదం అబ్బాయిలకన్నా అమ్మాయిలకు ఎక్కువ కావడానికి ఇదొక ముఖ్య కారణం. ముప్ఫై సెంటీమీటర్ల ఎత్తున్న పెట్టె మీంచి దూకించి, ఎదురుగా నిలబడి ఫోన్‌లో వీడియో తీస్తే లోపం తేలిగ్గా కనిపిస్తుంది. తుంటి వెనక్కి వెళ్లాలి, మోకాళ్లు కాలివేళ్ల వరసలో ఉండాలి, దిగినప్పుడు చప్పుడు రాకూడదు. ఫుట్‌బాల్ కోసం తయారైన "ఫిఫా 11+" వార్మప్ ఇరవై నిమిషాలది: ఎనిమిది నిమిషాలు పరుగు, పది నిమిషాలు బలం, దూకడం, బ్యాలెన్స్, చివర రెండు నిమిషాలు వేగంగా పరుగు. ఏ ఆటకైనా పనికొస్తుంది. టైం లేదని మధ్య పది నిమిషాలు తీసేసి రెండు రౌండ్లు పరిగెత్తిస్తుంటారు. తీసెయ్యకూడనిది సరిగ్గా అదే. అందులోనే ఉండే, మోకాళ్లమీద నిలబడి, వెనక ఒకరు మడమలు పట్టుకోగా నెమ్మదిగా ముందుకు వాలే వ్యాయామం కొత్తవాళ్లకు మూడు నుంచి ఐదుసార్లు చాలు.

నెలసరి గురించి చాటుగా మాట్లాడేకొద్దీ పిల్లలు దూరమవుతారు. తెల్ల పీటీ డ్రెస్ వెంటనే మార్చాలి, ముదురు రంగు ట్రాక్ ప్యాంట్ పెట్టాలి. అంతా తెల్ల దుస్తులే ఉండాలనే వింబుల్డన్ టెన్నిస్ పోటీయే 2023 నుంచి మహిళలకు లోపల ముదురు షార్ట్స్ వేసుకోనిస్తోంది! ఫస్ట్ ఎయిడ్ పెట్టెలో ప్యాడ్లు, బట్టలు మార్చుకోవడానికి గడియ పడే గది ఉండాలి. ఆ రోజుల్లో ఆడొచ్చు, నొప్పి ఎక్కువుంటే ఆట తగ్గించుకోవచ్చు, మొత్తానికి మానక్కర్లేదు. ఆయాసం, నీరసం తగ్గకపోతే రక్తపరీక్ష చేయించమనాలి. వంద మిల్లీలీటర్ల రక్తంలో హిమోగ్లోబిన్ 12 గ్రాముల కంటే తక్కువుంటే రక్తహీనత కిందే లెక్క. ప్రభుత్వ పథకంలో 10 నుంచి 19 ఏళ్ల వాళ్లకు వారానికొకసారి ఇచ్చే మాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరన్ ఉంటుంది. దాన్ని టీ, కాఫీలతో వేసుకుంటే ఒంటికి సరిగా పట్టదు.

తల్లిదండ్రులతో తెలుగులో, తల్లితోనే ముందు మాట్లాడాలి. ప్రాక్టీస్ ఎప్పుడు మొదలవుతుందో, ఎప్పుడు ముగుస్తుందో, పరీక్షల ముందు ఎన్ని రోజులు ఆపుతారో కాగితం మీద రాసిచ్చి దానికి కట్టుబడాలి. స్పోర్ట్స్ కోటా ఆశ చూపి ఒప్పించడం నాకు నచ్చదు. దానికంటే కరణం మల్లీశ్వరి పేరు చెప్పండి. శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చి, 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో వెయిట్‌లిఫ్టింగ్ 69 కిలోల విభాగంలో కాంస్యం గెలిచిన మనిషి, 2021లో ఢిల్లీ స్పోర్ట్స్ యూనివర్సిటీకి తొలి వైస్ ఛాన్సలర్ అయ్యారు. పరుగుల రాణి అశ్విని నాచప్ప కొడగులో స్కూలే పెట్టారు. బెంగళూరులో ఒకప్పటి లాంగ్‌జంపర్ అంజు బాబీ జార్జ్, ఆమె భర్త రాబర్ట్ శిక్షణలో పెరిగిన శైలీ సింగ్ 2021 నైరోబీ అండర్-20 ప్రపంచ పోటీల్లో లాంగ్‌జంప్ వెండి పతకం తెచ్చింది. ఆటతో జీవితం ఆగిపోదనడానికి ఈ పేర్లు చాలు.

నాయకత్వం పిల్లల్లోనూ పెరగాలి. కెప్టెన్ ఒక్కరే ఏడాదంతా ఉండకూడదు, టర్మ్‌కొకరు మారాలి. తొమ్మిదివాళ్లు ఆరోవాళ్లకు వార్మప్ చేయించాలి, స్కోరు షీట్ రాయాలి, ప్రాక్టీస్ మ్యాచ్‌కి రెఫరీగా నిలవాలి. తప్పు నిర్ణయమిచ్చినా మధ్యలో కల్పించుకోకుండా ఆట అయ్యాకే మాట్లాడటం మేడమ్‌కి కష్టమే గానీ అవసరం.

బయటి ఊరి పోటీలకు ఒక్క మహిళా టీచరైనా వెంట ఉండి తీరాలి. క్రీడాకారిణులున్న జట్లతో మహిళా కోచ్ వెళ్లాలని స్పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా 2022లోనే తప్పనిసరి చేసింది. స్కూలు జట్టుకి అంతకంటే తక్కువ జాగ్రత్త ఎందుకు?

ఇంకొకటి: మేడమ్ ప్రసూతి సెలవు పెట్టినా, వేరే స్కూలుకి మారినా జట్టు చెదిరిపోకూడదు. మొదటి ఏడాదినుంచే రెండో టీచర్ని పక్కన ఉంచుకోవాలి. హాజరు, గాయాలు, ఏ వారం ఏం నేర్పారో ఒక రిజిస్టర్లో రాయాలి. పిల్లల నెలసరి తేదీలు మాత్రం అందులో వద్దు, అవి ఆ పిల్ల సొంత డైరీలోనే ఉండాలి.