స్మారక బంగారు నాణెం: బంగారానికెంత, బొమ్మకెంత?

వరంగల్ చౌరస్తాలోనో, కరీంనగర్ టవర్ సర్కిల్ దగ్గరో ఏదో ఒక నగల దుకాణంలో ఒక సావరిన్ (బ్రిటన్ బంగారు నాణెం) బయటికి తీసి గాజుబల్ల మీద పెట్టండి. సేటు ముందు దాన్ని కాంటాలో వేస్తాడు, తర్వాత మేలిమి చూపే కేరట్ మీటర్ కింద పెడతాడు. మీద ఉన్నది రాణా, రాజా, ఏ జూబ్లీకి కొట్టారు అనేది అడగడు. అదే నాణెం మనం కొనేటప్పుడు మాత్రం ఆ బొమ్మకీ, ఆ చెక్క పెట్టెకీ వేలకు వేలు పోస్తాం. స్మారక నాణెం మీద మనసు పడితే తప్పు లేదు. కానీ బంగారానికి ఎంత ఇస్తున్నాం, బొమ్మకు ఎంత ఇస్తున్నాం అన్నది రూపాయల్లో తేలాకే జేబులో చెయ్యి పెట్టాలి.

ముందు చాలామంది పడే పొరపాటు గురించి. మన ప్రభుత్వం ఈమధ్య విడుదల చేస్తున్న 75, 100 రూపాయల స్మారక నాణేలు బంగారం కావు. 2023లో ఎన్టీఆర్ శతజయంతికి వచ్చిన 100 రూపాయల నాణెమే చూడండి. 44 మిల్లీమీటర్ల వెడల్పు, అందులో సగం వెండి, 40 శాతం రాగి, మిగిలింది నికెల్, జింకు చెరో 5 శాతం. ఇలాంటివాటికి పైన పూత పూయించి ‘గోల్డ్’ పేరుతో అమ్మేవాళ్లున్నారు. పూతలో ఉండే బంగారాన్ని ఏ అవుసలీ లెక్కలోకి తీసుకోడు. ఒకవైపు అశోక చక్రం, మరోవైపు గాంధీజీ ఉండే ఇండియన్ గోల్డ్ కాయిన్ సంగతి వేరు. 2015 నవంబరులో మొదలైన ఆ నాణెం నిజంగానే 24 కేరట్, అంటే వెయ్యి పాళ్లలో 999 మేలిమి. 5, 10 గ్రాముల్లో వచ్చింది.

ఇక లెక్క. చూడాల్సింది నాణెం బరువు కాదు, నాణెంలో ఉన్న మేలిమి బంగారం బరువు. సావరిన్ 7.988 గ్రాములు తూగుతుంది. అది 22 కేరట్ కాబట్టి అందులో మేలిమి 7.322 గ్రాములే. దక్షిణాఫ్రికా క్రూగర్‌రాండ్, అమెరికన్ ఈగిల్ ఔన్సు నాణేలు 33.93 గ్రాములు తూగినా రెండింట్లోనూ మేలిమి 31.10 గ్రాములే, మిగతాది కలుపు. కెనడా మేపుల్ లీఫ్, అమెరికన్ బఫెలో 24 కేరట్ నాణేలు కాబట్టి వాటిలో బరువూ మేలిమీ ఒకటే.

ధర కోసం టీవీ స్క్రోలింగ్‌ను నమ్ముకోవద్దు. అందులో ‘తులం’ ధర జీఎస్టీతో కలిపి చెప్పారో, లేకుండా చెప్పారో తెలియదు. ఇండియా బులియన్ అండ్ జువెలర్స్ అసోసియేషన్ పనిదినాల్లో పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ధర ఇస్తుంది. అది జీఎస్టీ కలపని ధర. దాన్ని పక్కన పెట్టుకుని దుకాణం రేటు అడిగితే తేడా అక్కడికక్కడే తెలిసిపోతుంది.

లెక్క సులువుగా ఉండేందుకు మేలిమి గ్రాము 10,000 రూపాయలు అనుకుందాం. సావరిన్‌లోని బంగారం విలువ 73,220. దుకాణంలో జీఎస్టీతో కలిపి 80,000 చెప్పారు. 3 శాతం జీఎస్టీ తీసేయడానికి 1.03తో భాగిస్తే 77,670 వస్తుంది. అందులోంచి 73,220 తీసేస్తే 4,450. అంటే బొమ్మకూ, తయారీకీ, దుకాణం లాభానికీ కలిపి మీరు ఇస్తున్నది 6 శాతం. ఈ అంకె కోసమే ఇంత లెక్కా. ఫోన్‌లో అర నిమిషం పని.

మోసం జరిగేది ఎక్కువగా ఈ లెక్కలోనే. ‘సావరిన్ అంటే కాసు, కాసంటే 8 గ్రాములు’ అంటూ 8 గ్రాములకు 24 కేరట్ రేటు వేస్తే అదే నాణేనికి 80,000 అవుతుంది, దాని మీద మళ్లీ జీఎస్టీ. లేని బంగారానికి 6,780 రూపాయలు కట్టినట్టు. అదే 8 గ్రాములకు 22 కేరట్ రేటు, అంటే గ్రాముకు 9,160 వేస్తే 73,280 అవుతుంది. 60 రూపాయల తేడా కాబట్టి దాని మీద గొడవ అక్కర్లేదు. ఏ రేటు వేశారో బిల్లులో రాయించుకోవాలి. బరువు, మేలిమి, రేటు, మజూరీ, జీఎస్టీ విడివిడిగా ఉండని బిల్లు ఒప్పుకోవద్దు. నాణేనికి ‘తరుగు’ వేస్తామంటే అసలే వద్దు. రాళ్ల నగ చేసేటప్పుడు బంగారం తరుగుతుంది గానీ అచ్చుకొట్టి వచ్చిన నాణెంలో తరిగేదేముంది?

సరే, బొమ్మకు ఎంత ఇవ్వొచ్చు? మామూలు బులియన్ (బంగారం కోసమే కొనే) సావరిన్‌కు 5, 6 శాతం దాకా ఇవ్వొచ్చని మా అభిప్రాయం. బ్రిటన్ టంకశాల రాయల్ మింట్ లైసెన్సుతో 2013 నుంచి ఎంఎంటీసీ-పాంప్ కంపెనీ మన దేశంలోనే కొట్టిన సావరిన్లున్నాయి, వాటి మీద చిన్న ఇంగ్లిష్ ‘ఐ’ అక్షరం ఉంటుంది. ఆ గుర్తు ఉన్నంత మాత్రాన అపురూపం అయిపోదు. అసలు చిక్కు ప్రూఫ్ నాణేలతో. అద్దంలా మెరిసే నేల, పైన తెల్లగా మసకబారినట్టుండే బొమ్మ, పెట్టె, నంబరు వేసిన కార్డు. వీటి విడుదల ధర బంగారం విలువకు చాలా పైన ఉంటుంది. కొన్నేళ్లయ్యాక అవే నాణేలు సెకండ్ హ్యాండ్ మార్కెట్‌లో చాలావరకు బంగారం ధరకు కాస్త పైన దొరుకుతాయి. కాబట్టి ప్రూఫ్ కావాలంటే విడుదలైన రోజున ఎగబడకండి, ఆగండి. సావరిన్ 500 ఏళ్లకు గుర్తుగా 1989లో వచ్చిన నాణేనికి ఇప్పటికీ సేకర్తలు ఎక్కువ ధర పెడతారు. ఆ ఒక్కటి చూసి 2002, 2012, 2022 ఎలిజబెత్ రాణి జూబ్లీ నాణేలన్నీ అలాగే పెరుగుతాయని అమ్మేవాళ్లు చెబితే నమ్మొద్దు. పెట్టె మీద ‘లిమిటెడ్’ అని ఉంటే ఎన్ని కొట్టారో అంకె అడగాలి.

చిన్న నాణేల్లో బొమ్మ ఖర్చు ఇంకా ఎక్కువ పడుతుంది. అచ్చుకూ ప్యాకింగ్‌కూ 300 అయ్యిందనుకోండి, పై రేటు ప్రకారం 10 గ్రాముల నాణెం మీద అది 0.3 శాతం, గ్రాము నాణెం మీద 3 శాతం. అక్షయ తృతీయకు ‘మజూరీ లేదు’ అనే బోర్డు కనిపిస్తే ఆరోజు వాళ్లు వేస్తున్న గ్రాము రేటు చూడండి. మజూరీ అందులోకి దూరి ఉండొచ్చు.

పరీక్షకు 0.01 గ్రాము దాకా చూపే కాంటా, మందం, వెడల్పు కొలిచే వెర్నియర్ కాలిపర్ చాలు. సావరిన్ వెడల్పు 22.05 మిల్లీమీటర్లు, మందం 1.52. రాగి, ఇత్తడి మీద పూత పూసిన నకిలీ బరువు సరిపెట్టాలంటే మందమో వెడల్పో పెరగాల్సిందే. మందం సరిపెడితే బరువు తగ్గుతుంది. ఇంకా అనుమానముంటే నీళ్ల పరీక్ష చేయండి. కాంటా మీద గ్లాసులో నీళ్లు పెట్టి సున్నా చేయండి. నాణేన్ని సన్నని దారంతో కట్టి, నీటిలో పూర్తిగా మునిగేలా, అడుగుకు గానీ గోడకు గానీ తగలకుండా వేలాడదీయండి. కాంటా 0.45 లేదా 0.46 చూపాలి. 7.99ని దానితో భాగిస్తే 17.4 నుంచి 17.8 మధ్య వస్తుంది, 22 కేరట్ సాంద్రత అదే. 0.8, 0.9 చూపితే అది బంగారం కాదు. అంకె కొద్దిగా తేడాగా ఉంటే ముందు నాణేనికి అంటుకున్న గాలి బుడగలు చూడండి, తడివేలితో తుడిచి మళ్లీ ముంచండి. 24 కేరట్ నాణేలకు మాత్రం ఈ పరీక్ష ఒక్కటే చాలదు, ఎందుకంటే టంగ్‌స్టన్ సాంద్రతా దాదాపు అంతే. కేరట్ మీటర్ చూసేది పైపొరనే కాబట్టి పూత మందంగా ఉంటే అదీ మోసపోతుంది. అందుకే 24 కేరట్ అయితే సీలు విప్పని, కార్డు మీద నంబరున్న నాణెమే తీసుకోవడం మేలు. ఆ సీలు ఇంట్లో సరదాకు కూడా విప్పొద్దు.

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు గల్ఫ్ నుంచి వచ్చేవాళ్లతో నాణేలు తెప్పించుకోవడం ఉంది. విమానాశ్రయంలో నగలకిచ్చే సుంకం మినహాయింపు నాణేలకూ బిస్కెట్లకూ వర్తించదు. అక్కడి ధరకు సుంకం కలిపి చూస్తే చాలాసార్లు ఇక్కడ కొన్నట్టే అవుతుంది. సుంకం కట్టిన రసీదు లేని నాణెం ఎంత చవకగా వచ్చినా తీసుకోకండి. ‘పునాది తవ్వుతుంటే దొరికింది, లంకెబిందెల్లోది’ అంటూ వచ్చేవాళ్లను గడప కూడా తొక్కనివ్వొద్దు. ఒకవేళ నిజంగా దొరికిందైనా, 1878 నాటి చట్టం ప్రకారం అది కలెక్టర్‌కు చెప్పాల్సిన నిధి.

కొనేముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: “సేట్, ఇదే నాణెం ఇదే బిల్లుతో రేపు తెస్తే ఎంతకు తీసుకుంటరు?” బంగారం విలువలో రెండు శాతం కోసుకుంటామన్నారనుకోండి, పైన 80,000కు కొన్నదానికి 71,756 వస్తుంది. కట్టిన జీఎస్టీ తిరిగి రాదు. అంటే బంగారం 11.5 శాతం పెరిగితేనే మీ డబ్బు మీకొచ్చినట్టు. బ్యాంకులు నాణేలు అమ్ముతాయి గానీ తిరిగి కొనవు. నాణేలు కుదువపెట్టి అప్పు తీసుకోవాలన్నా మనిషికి 50 గ్రాముల హద్దుంది. 2 లక్షలు దాటే కొనుగోలుకు పాన్ కార్డు కావాలి, ఆ మొత్తం నగదుగా ఇవ్వకూడదు.

ఇంటికి తెచ్చాక చేసే నష్టం ఇంకోటి. నగల్లాగే కుంకుడు రసంలో వేసి బ్రష్‌తో రుద్దుతారు. ప్రూఫ్ నాణెం అద్దపు నేల మీద ఒక్క వెంట్రుకంత గీత పడినా సేకర్త బొమ్మకు ఇచ్చే ధర పోతుంది, ఇక మిగిలేది బంగారం ధరే. ముట్టుకోవాల్సి వస్తే అంచులు పట్టుకోండి, కింద మెత్తటి గుడ్డ పరచండి. కాసులపేరులో కలపడానికో, లాకెట్ చేయడానికో కొండీ అతికించారంటే అది నాణెంగా పనికిరాదు. అతుకు లోహం కలిసినందుకు సేటు మేలిమి కూడా తగ్గించే చూస్తాడు. మెడలో వేసుకోవాలన్న ముచ్చట ఉంటే బొమ్మకు పైసా ఎక్కువివ్వకుండా మామూలు సావరిన్ కొని, అంచు చుట్టూ బిగించే చట్రం చేయమని అవుసలికి చెప్పండి.