పోగులు తెగిన యాక్సిలరేటర్ కేబుల్

మాది కార్బురేటర్ (పెట్రోలును గాలితో కలిపి ఇంజన్‌కు పంపే భాగం) కాలం నాటి మారుతి 800. పెడల్ తొక్కితే ఒక ఉక్కు తీగ కార్బురేటర్ మీది లీవరును లాగుతుంది, కాలు తీస్తే స్ప్రింగు దానిని వెనక్కు తెస్తుంది. ఈ మధ్య పెడల్ బరువుగా, గరుకుగా తగులుతూ ఉండటంతో బానెట్ ఎత్తి చూశాను. తీగ తన పై తొడుగు (ఔటరు) నుండి బయటికి వచ్చి లీవరు వైపు వంగే చోట కొన్ని పోగులు తెగి, తుమ్మముళ్లలా పైకి లేచి ఉన్నాయి.

కేబుల్ పూర్తిగా తెగిపోతే బండి ముందుకు లాగదు, దారిలో నిలబడిపోతాము. అది ఇబ్బందే గాని పెద్ద అపాయం కాదు. అసలు భయం సగం తెగిన కేబుల్‌తోనే: లేచిన పోగు ఔటరులో ఇరుక్కుంటే కాలు తీసినా లీవరు వెనక్కు రాదు. కడప నుండి రాయచోటికి పోయే దారిలో గువ్వలచెరువు ఘాటు మలుపుల్లో అలా జరిగితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. అటువంటప్పుడు క్లచ్ తొక్కి, గేరు న్యూట్రల్‌కు తెచ్చి, బ్రేకుతో బండిని పక్కకు ఆపిన తరువాతే ఇంజన్ ఆపాలి. బండి కదులుతుండగా తాళంచెవి బయటికి లాగితే స్టీరింగ్ బిగుసుకుపోతుంది.

సైకిల్ బ్రేకు వైరు వేసి, చివర స్క్రూతో బిగించే నిప్పల్ (తీగ కొసను లీవరులో నిలిపే లోహపు గుండు) పెట్టి సరిపెట్టేవారు మా వైపు చాలామంది ఉన్నారు. ఇల్లు చేరడానికైతే సరే గాని, ఆ స్క్రూ బిగించిన కొద్దీ పోగులను నలిపి కోస్తుంది కాబట్టి దానిని శాశ్వతం చేసుకోకూడదు. మిగిల్చుకోవలసింది కూలి డబ్బులే గాని సరుకు డబ్బులు కావు. స్పేర్ పార్టుల అంగడిలో మొదట అడిగే మాట "పాత వైరు తెచ్చినావా అన్నా?" అనే. మోడల్ మారితే పొడవు, చివరి నిప్పల్ మారుతాయి కనుక పాతదాని పక్కన కొత్తది పెట్టి చూసుకోవడమే మంచిది.

బిగించడం పెద్ద పని కాదు. ఇంజన్ చల్లారాక కేబుల్‌ను పట్టి ఉంచే బ్రాకెట్ దగ్గరి రెండు నట్లు వదులు చేసి, లీవరును చేత్తో తిప్పి పట్టుకుంటే తీగ సడలి నిప్పల్ గాడిలో నుండి జారి వస్తుంది. పెడల్ దగ్గర మాత్రం తల కిందికి పెట్టి, టార్చి పట్టుకొని తంటాలు పడవలసిందే. కొత్త కేబుల్ పాతది పోయిన దారినే పోవాలి, ఎక్కడా గట్టిగా వంగకూడదు. లోపల ప్లాస్టిక్ పొర ఉన్న కేబుల్‌లో ఇంజన్ ఆయిల్ పోయడం నాకు ఇష్టం లేదు, మన ఎండకు, దుమ్ముకు అది కొన్నాళ్లకే జిగురు మడ్డి అవుతుంది. తీగలో కొద్దిగా వదులు ఉంచి నట్లు బిగించాక, ఇంజన్ ఆపి ఉంచి, ఒకరి చేత పెడల్ పూర్తిగా తొక్కించి, లీవరు చివరిదాకా తెరుచుకుంటున్నదా, వదలగానే టక్కున మూసుకుంటున్నదా చూడాలి.

ఇంతటితో బానెట్ మూయకండి. పాత కేబుల్‌ను చీల్చి చూస్తే లోపలి ప్లాస్టిక్ ఒకచోట కరిగి తీగకు అతుక్కుని ఉంది. ఇది అరుగుదల కాదు, ఎర్తింగ్ లోపం. ఇంజన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది కాబట్టి స్టార్టర్ లాగే కరెంటు బ్యాటరీకి తిరిగి చేరడానికి లావాటి ఎర్త్ తీగ ఉంటుంది. దాని కొస తుప్పు పట్టినా, బోల్టు వదులైనా, ఆ కరెంటు ఇంజన్‌ను బాడీతో కలిపే సన్నని యాక్సిలరేటర్, చోక్ కేబుళ్ల గుండా పోయి వాటిని కాలుస్తుంది. ఆ సంగతి చూడకుండా ఎన్ని కేబుళ్లు మార్చినా అదే గతి.

పరీక్ష తేలిక. వోల్టు మీటరు ఒక కొసను బ్యాటరీ నెగటివ్‌కు, మరొక కొసను ఇంజన్ బ్లాకు మీద శుభ్రమైన ఇనుముకు ఆనించి స్టార్టర్ తిప్పిస్తే అర వోల్టుకు మించి చూపకూడదు. మా బండి ఒక వోల్టు దాటి చూపింది. బోల్టు విప్పి, తుప్పును ఉప్పుకాగితంతో గీకి, కొత్త ఎర్త్ తీగ బిగించిన తరువాత 0.2 దగ్గర నిలిచింది, స్టార్టర్ కూడా చురుకుగా తిరుగుతోంది.