జడుపు వదిలించుకోవడం

రాత్రి లైటు తీయగానే ముందు వినిపించేది ఆ శబ్దమే. మెట్రో ప్లాట్‌ఫామ్ మీద గుండె ఆగి పడిపోయిన పెద్దాయన గొంతులోంచి ఉండుండి ఎగపీల్చినట్టు, గురక పెట్టినట్టు వచ్చిన శబ్దం. అది ఊపిరి కాదని డాక్టరు విడమరిచి చెప్పారు. గుండె ఆగిన మొదటి నిమిషాల్లో మెదడు అడుగుభాగం తనంతట తాను చేయించే పని అది. అప్పటికే మనిషికి స్పృహ ఉండదు. ఈ సంగతి తెలిశాక "పాపం, ఎంత యాతన పడ్డాడో" అన్న ఆలోచన పట్టు చాలావరకు సడలింది. ఛాతీ నొక్కుతుంటే పక్కటెముక పటుక్కుమన్న చప్పుడూ అంతే. పెద్దవయసు వాళ్ళకి సరిగ్గా నొక్కినా ఎముక విరగవచ్చు. ఇలాంటిది చూసి జడుసుకున్నవాళ్ళు, తమని వెంటాడుతున్న దృశ్యమో చప్పుడో ఏదైతే అది, తెలిసిన డాక్టరును అడిగి అర్థం చేయించుకోవాలి. అర్థం కానిదే ఎక్కువ పీడిస్తుంది.

నిద్రలో ఉలిక్కిపడటం, అదే కళ్ళ ముందు మెదలడం, ఊరికే గుండె దడ, ఇవన్నీ మొదటి నెలలో మామూలే. చాలామందికి వాటంతట అవే తగ్గుతాయి. ఆ రోజుల్లో వేళకు తిండి, నిద్ర, నమ్మకమైన మనిషి పక్కన ఉండటం చాలు. ఇంట్లో పెద్దవాళ్ళు దిష్టి తీస్తామంటే తీయనివ్వండి, పోయేదేం లేదు. కానీ జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పమని ఎవరూ బలవంతపెట్టకూడదు. నెల దాటినా తగ్గకపోతే, ఉద్యోగానికో బడికో వెళ్ళలేకపోతే, అది చికిత్స కావలసిన జబ్బు.

నాకు అన్నిటికన్నా కష్టమైంది ఛాతీ పట్టేసినట్టు ఉండటం. భయంతో ఊపిరి వేగంగా తీస్తాం. దాంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది. వేళ్ళు తిమ్మిరెక్కి, పెదాలు మొద్దుబారి, కళ్ళు తిరుగుతాయి. అది చూసి "నాకూ గుండెపోటే" అనుకుంటాం, భయం రెట్టింపవుతుంది. ఇది సాధారణంగా పది నిమిషాల్లో తారస్థాయికి చేరి, తర్వాత దిగుతుంది. అప్పుడు గట్టిగా గుండెల నిండా గాలి పీల్చమని చుట్టూ ఉన్నవాళ్ళు చెప్తారు. అది ఇంకా చెరుపు. ముక్కుతో 4 అంకెలు లెక్కపెట్టేంతసేపు మెల్లగా తీసుకుని, 6 అంకెలసేపు వదలాలి. ఇలా ఐదు నిమిషాలు. కాగితం సంచిలోకి ఊదడం మాత్రం వద్దు. అది నిజంగా గుండెజబ్బో ఆస్తమానో అయితే ప్రమాదం.

అందుకే మొదటే ఒకసారి పూర్తిగా చూపించుకోవాలి. ఈసీజీ, బీపీ, థైరాయిడ్, హిమోగ్లోబిన్. థైరాయిడ్ ఎక్కువైనా, రక్తం తక్కువైనా దడ వస్తుంది కాబట్టి. అన్నీ బాగున్నాయని తేలాక వాచీలో పల్స్ చూసుకోవడం ఆపాలి. చూసుకున్న ప్రతిసారీ కాసేపు నెమ్మదిస్తుంది, అరగంటకి మళ్ళీ చూడాలనిపిస్తుంది. భయానికి మేత అదే. ఒక్కసారిగా మానలేకపోతే, చూడాలనిపించాక పావుగంట ఆగండి, తర్వాత అరగంట, అలా పెంచుకుంటూ పోండి. ఇందులో ఒక మినహాయింపు ఉంది. నడిస్తే వచ్చి ఆగితే తగ్గే నొప్పి, ఎడమ చేతికో దవడకో పాకే బరువు, చల్లటి చెమటలు, స్పృహ తప్పడం వస్తే ఇది భయమా కాదా అని తేల్చుకుంటూ కూర్చోకుండా 108కి ఫోన్ చేయాలి.

108 సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లోనే మొదలైంది. సైరన్ వినపడకుండా ఈ ఊళ్ళో బతకలేం. తప్పించుకోలేనిదాన్ని అలవాటు చేసుకోవడమే దారి. ఫోనులో సైరన్ శబ్దం సన్నగా పెట్టుకుని, భయానికి పదికి ఎన్ని మార్కులో చూసుకుని, అది సగానికి దిగేదాకా వినాలి. తర్వాత శబ్దం పెంచాలి. స్టేషన్‌కి వెళ్ళడమూ మెట్టు మెట్టుగానే. మొదట అమీర్‌పేట స్టేషన్ కింద టీ బండి దగ్గర నిలబడటం, తర్వాత టికెట్ కౌంటర్ దాకా, ఆ పైన తోడుతో ప్లాట్‌ఫామ్ మీదికి. అది కుదిరాక పంజాగుట్ట వరకు ఒక్క స్టేషన్, చివరికి ఒంటరిగా. రోజూ వెళ్తే వేగంగా తగ్గుతుంది, వారానికొకసారి వెళ్తే ప్రతిసారీ మొదటికే వస్తుంది. చాలామందికి చెడేది ఎక్కడంటే, భయం పతాకస్థాయిలో ఉండగా దిగి వచ్చేస్తారు. అప్పుడు శరీరం "పారిపోయాను కాబట్టి బతికాను" అని నేర్చుకుంటుంది. జేబులో కంగారును అప్పటికప్పుడు తగ్గించే ఆల్ప్రజోలమ్ మాత్ర పెట్టుకుని వెళ్ళినా ఫలితం అదే, ధైర్యం మాత్ర ఖాతాలోకి పోతుంది. పైగా ఆ మాత్ర అలవాటవుతుంది, ఉన్నట్టుండి ఆపితే ప్రమాదం. డాక్టరు రాస్తే రోజూ వేసుకునే సెర్ట్రలిన్ లాంటి మందులు వేరు. వాటికి కొన్ని వారాలు పడుతుంది, మొదట్లో కాస్త వికారం, కంగారు ఉంటాయి. అది చూసి మధ్యలో మానేయకుండా రాసిన డాక్టరుతోనే మాట్లాడాలి. మందుకన్నా ముందు, దీనికోసమే ఉన్న మాటల చికిత్స అడగండి.

ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం పేరెత్తగానే మొహం మార్చుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు. బాధగా ఉంటుంది. అక్కడ ఓపీలో కూర్చునేవాళ్ళలో నిద్ర పట్టనివాళ్ళు, భయం వదలనివాళ్ళు ఎందరో ఉంటారు. వెళ్ళలేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

"ఏమీ చేయలేకపోయాను" అన్న బాధకి నాకు బాగా పనికొచ్చింది సీపీఆర్, అంటే గుండె ఆగినవాళ్ళకి ఛాతీ నొక్కే పద్ధతిలో శిక్షణ. ఛాతీ మధ్యలో, రెండు అరచేతులు ఒకదానిమీద ఒకటి, మోచేతులు వంచకుండా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు. ప్రతిసారీ ఛాతీ పూర్తిగా పైకి లేవనివ్వాలి. అలసట వల్ల రెండు నిమిషాలకే లోతు తగ్గిపోతుంది, మనిషి మారాలి. ఇది బొమ్మ మీద చేతులతో నేర్చుకోవాలి, వీడియో చూస్తే రాదు. ఆస్పత్రి బయట గుండె ఆగినవాళ్ళలో చాలామంది, అన్నీ సరిగ్గా చేసినా, బతకరు. ఇది కూడా శిక్షణలో అడిగి తెలుసుకోండి.

జిమ్ములో, పెళ్ళి పందిట్లో మనుషులు కుప్పకూలిన సీసీటీవీ వీడియోలు కుటుంబ వాట్సాప్ గ్రూపులకు వస్తూనే ఉంటాయి. మీరు కుదుటపడ్డా సరే, మొదటి కొన్ని నెలలు వాటిని తెరవకండి. ఫోనులో వీడియోలు వాటంతట అవి డౌన్‌లోడ్ కాకుండా సెట్టింగ్ మార్చేయండి. పంపిన బాబాయికి "ఇలాంటివి నాకు పంపొద్దు" అని నేరుగా చెప్పేయండి.