స్టాలిన్ గురించి ఏం చదవాలి? మేనల్లుడికి కాస్త పొడుగైన జవాబు

మా అన్నయ్య పేరు స్టాలిన్. మా నాన్న కమ్యూనిస్టు పార్టీ మనిషి, అన్నయ్య పుట్టింది 1953లో, సోవియట్ యూనియన్‌ని ఏలిన అసలు స్టాలిన్ పోయిందీ ఆ ఏడే. అందుకని పేరు విషయంలో ఇంట్లో పెద్ద చర్చేమీ జరగలేదట. ఖమ్మం వైపు మా తరంలో లెనిన్లు, స్టాలిన్లు ఉండేవాళ్ళు, ఎవరూ వింతగా చూసేవాళ్ళు కారు. ఇప్పుడు పుణెలో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడికి వచ్చింది చిక్కు. ఎక్కడ తండ్రి పేరు చెప్పినా ఎదుటివాడు ఒక నవ్వు నవ్వి ఏదో ఒకటి అంటున్నాడట. "అత్తా, ఒక్క పుస్తకం చెప్పు, చదివి పడేస్తా" అని మెసేజ్ పెట్టాడు. వాట్సాప్‌లో రాస్తే తెగేలా లేదు, అందుకే ఇక్కడ రాస్తున్నా.

ముందే చెప్తున్నా, నేను చరిత్ర పాఠాలు చెప్పినదాన్ని కాదు. రెవెన్యూలో చేసి రిటైరయ్యాను. కాబట్టి ఏ ప్రభుత్వం గురించి చదివినా నా కన్ను కాగితం మీదకే పోతుంది. ఆర్డర్ ఎవరు రాశారు, ఎవరు సంతకం పెట్టారు, కింద ఊరి దాకా ఎలా దిగింది, కిందవాడు దానికి తన సొంత ఉత్సాహం ఎంత కలిపాడు. స్టాలిన్ రాక్షసుడు అని చెప్పే పుస్తకాలు కావలసినన్ని ఉన్నాయి. ఆ రాక్షసత్వం ఆఫీసుల్లో ఎలా నడిచిందో చూపించేవే నాకు నచ్చాయి.

ఒక్కటే చదువుతానంటే, ఒలేగ్ ఖ్లెవ్‌న్యుక్ రాసిన స్టాలిన్ జీవిత చరిత్ర. ఇంగ్లీషులో 2015లో వచ్చింది, మరీ లావు కాదు. ఆయన మాస్కో ఆర్కైవ్స్‌లోనే ఏళ్ళ తరబడి పనిచేసినవాడు కాబట్టి ఎవరో చెప్పగా విన్న కబుర్లను దగ్గరికి రానివ్వడు. పుస్తకం కట్టిన తీరు బాగుంటుంది: ఒక అధ్యాయం జీవితకథ, మధ్యలో ఒక ముక్క 1953 మార్చి మొదటి రోజులు. మాస్కో శివార్లలో స్టాలిన్ ఉండే కుంత్సెవో బంగళా. మార్చి 1న పొద్దు పోయినా గదిలో అలికిడి లేదు. పిలవకుండా లోపలికి వెళ్ళడానికి కాపలావాళ్ళకి భయం. చివరికి రాత్రి వెళ్ళి చూస్తే ఆయన నేల మీద పడి ఉన్నాడు. ఆయన దగ్గరి సహచరులు బెరియా, మాలెంకోవ్ వచ్చి చూసి, నిద్రపోతున్నాడులెమ్మని వెళ్ళిపోయారు. డాక్టర్లు వచ్చేసరికి మర్నాడు పొద్దున అయింది. ఆయన్ని ఎరిగిన పెద్ద డాక్టర్లలో కొందరు అప్పటికే, నాయకుల్ని చంపడానికి చూశారని పెట్టిన "డాక్టర్ల కుట్ర" కేసులో జైల్లో ఉన్నారు. మార్చి 5న పోయాడు. తన చుట్టూ తనే పెంచిన భయం చివరికి తనకే వైద్యం అందకుండా చేసింది. ఖ్లెవ్‌న్యుక్ ఆ మాట గట్టిగా అనడు, వరసగా చెప్పుకుంటూ పోతాడు.

దాని తర్వాత, ఓపిక ఉంటే, ఆర్చ్ గెటీ, ఒలేగ్ నౌమోవ్ కలిసి తెచ్చిన 'ద రోడ్ టు టెర్రర్' (1999). ఇది కథలా సాగదు. అసలు డాక్యుమెంట్లే ఇచ్చి, మధ్యలో వివరణ రాశారు. అందులో ఉంటుంది 1937 జులై 30 నాటి ఆర్డర్ నంబర్ 00447. కింద సంతకం యెజోవ్‌ది, అప్పటి రహస్య పోలీసు అధిపతి. దేశంలోని ఒక్కో ప్రాంతానికీ ఒక్కో లిమిట్. మొదటి కేటగిరీ అంటే కాల్చి చంపాల్సినవాళ్ళు, రెండో కేటగిరీ అంటే ఎనిమిది నుంచి పదేళ్ళు క్యాంపుకో జైలుకో పంపాల్సినవాళ్ళు. మాస్కో ప్రాంతానికి మొదటి దాంట్లో 5,000, రెండో దాంట్లో 30,000. దేశం మొత్తం మీద మొదటి కేటగిరీకి 75,950, రెండో దానికి 1,93,000. పేర్లు తర్వాత, ముందు సంఖ్య. ఆ సంఖ్యలోకి మనుషుల్ని వెతికి పట్టుకోవడం జిల్లా వాళ్ళ పని. తీర్పు చెప్పడానికి ముగ్గురితో ఒక కమిటీ, 'త్రోయికా' అంటారు. నిందితుడు ఎదురుగా ఉండక్కర్లేదు, వకీలు లేడు, అప్పీలు లేదు.

మండలానికి ఇంత అని టార్గెట్ దిగితే కింద ఆఫీసుల్లో ఏం జరుగుతుందో నేను చూసినదాన్ని. చిన్న పొదుపు పత్రాలు అమ్మించడానికీ, మనుషుల్ని కాల్చడానికీ పోలికేమిటి అంటారేమో. పని తీరులో పోలిక ఉంది, అందుకే ఆ పేజీలు చదువుతుంటే కడుపులో తిప్పింది. కిందివాళ్ళు లిమిట్ చాలడం లేదు, పెంచండి అని పైకి రాశారు. పైవాళ్ళు పెంచారు. క్రాస్నయార్స్క్ ప్రాంతానికి మొదటి కేటగిరీలో అదనంగా 6,600 మందిని ఇవ్వమని ఒక చిన్న చీటీ ఉంది, దాని మీద స్టాలిన్, అప్పటి ప్రధాని మొలొతోవ్ సంతకాలు. నాలుగు నెలల్లో ముగించాలన్న పని 1938 నవంబర్ దాకా సాగింది. ఈ ఒక్క ఆర్డర్ కిందే దాదాపు 3,87,000 మందిని కాల్చారు. 1937, 38 రెండేళ్ళలో రాజకీయ కేసుల్లో మొత్తం మరణశిక్షలు సోవియట్ ప్రభుత్వ లెక్క ప్రకారమే 6,81,692. ఆర్డర్ మీద సంతకం పెట్టిన యెజోవ్‌ని 1940లో కాల్చేశారు.

"ఆయనకి తెలియకుండా కిందవాళ్ళు చేశారు" అని మా అన్నయ్య ఇప్పటికీ అంటాడు. ఆయన, మరికొందరు పొలిట్‌బ్యూరో సభ్యులు సంతకాలు పెట్టిన 383 జాబితాలు దొరికాయన్నయ్యా, వేల వేల పేర్లు, అందులో ఎక్కువ శాతం మరణశిక్షకే అంటే, టీవీ సౌండ్ పెంచుతాడు.

కరువు సంగతికి వస్తే ఒక పుస్తకంతో సరిపెట్టొద్దు. ఆన్ ఆపిల్‌బౌమ్ 'రెడ్ ఫామిన్' (2017) ఉక్రెయిన్ మీద. చదివించే గుణం ఎక్కువ. పొలంలో రాలిన వెన్నులు ఏరుకున్నా పదేళ్ళ శిక్ష పడేలా 1932 ఆగస్టు 7న వచ్చిన చట్టం, ధాన్యం కోటా ఇవ్వని ఊళ్ళని బ్లాక్‌లిస్టులో పెట్టి సరుకులు ఆపేయడం, ఆకలికి ఊరు వదిలి పోతున్న రైతులు పొలిమేర దాటకుండా 1933 జనవరిలో ఇచ్చిన ఉత్తర్వు, అన్నీ వరసగా కనిపిస్తాయి. ఉక్రెయిన్‌లోనే చనిపోయినవాళ్ళు 39 లక్షలని ఆమె తీసుకున్న లెక్క. కానీ ఇది కావాలని ఒక జాతిని చంపడమా, పరిశ్రమల కోసం రైతుని పిండిన విధానం ముదిరి చేసిన ఘోరమా అన్నది చరిత్రకారుల మధ్య తెగని తగాదా. రెండో వైపు వాదన కావాలంటే డేవిస్, వీట్‌క్రాఫ్ట్ రాసిన 'ద ఇయర్స్ ఆఫ్ హంగర్' (2004) ఉంది. పట్టికలు ఎక్కువ, నిద్ర వస్తుంది, అయినా నేనైతే దాన్ని పక్కన పెట్టుకునే ఆపిల్‌బౌమ్‌ని చదవమంటాను. కజకిస్తాన్ గురించి మనవాళ్ళు అసలు మాట్లాడరు. పశువులతో తిరిగే జనాన్ని బలవంతంగా ఒకచోట కూర్చోబెట్టి, పశువుల్ని లాక్కుంటే, 15 లక్షల మంది పోయారు. కజక్ జనంలో మూడో వంతు పైమాటే. సారా కామెరాన్ 'ద హంగ్రీ స్టెప్' (2018) దాని మీదే.

ఇక్కడ తప్పకుండా ఎవరో ఒకరు బెంగాల్ కరువు సంగతేమిటి అంటారు. దాని మీదా పుస్తకాలున్నాయి, అవీ చదవండి. ఒకటి చదివితే రెండోది చదవకూడదని ఎవరూ అనలేదు.

మామూలు మనుషులు ఎలా బతికారన్నది షీలా ఫిట్జ్‌పాట్రిక్ 'ఎవ్రీడే స్టాలినిజం' (1999)లో ఉంది. 1930లలో పట్నాల జీవితం: రొట్టె కోసం క్యూలు, ఒక్కో గదిలో ఒక్కో కుటుంబం కాపురం పెట్టి అందరికీ కలిపి ఒకే వంటిల్లు, పక్కింటివాడి మీద అధికారులకి ఉత్తరాలు. గది ఖాళీ అవుతుందన్న ఆశతో రాసిన ఫిర్యాదులు కూడా ఉన్నాయి. ఓర్లాండో ఫైజెస్ 'ద విస్పరర్స్' (2007) కుటుంబాల కథలు. కులక్, అంటే ధనిక రైతు అని ప్రభుత్వం ముద్ర వేసిన కుటుంబంలో పుట్టిన ఒకావిడ తన గతాన్ని దశాబ్దాల పాటు భర్త దగ్గర దాచింది, తీరా చూస్తే ఆయనా ప్రభుత్వం వేటాడిన కుటుంబం వాడే. అది చదివి నేను కాసేపు పుస్తకం మూసి పెట్టాను. అయితే ఈ పుస్తకంలో ఇంటర్వ్యూల్లోంచి తీసుకున్న వివరాలు కొన్నిచోట్ల తప్పాయని గొడవ వచ్చి, రష్యన్ ప్రచురణ ఆగిపోయింది. అది మనసులో పెట్టుకుని చదవండి.

క్యాంపుల మీద ఆపిల్‌బౌమ్‌దే 'గులాగ్' (2003), పులిట్జర్ వచ్చింది. 1929 నుంచి 1953 దాకా క్యాంపుల్లోకి వెళ్ళినవాళ్ళు కోటీ ఎనభై లక్షలు. క్యాంపుల ఖర్చు, రాబడి, తిండి కొలత, పని కొలత, అన్నీ లెక్కలతో ఉంటాయి కాబట్టి నాలాంటివాళ్ళకి ఇష్టమైన పుస్తకం. తనూ క్యాంపు ఖైదీగా ఉన్న సోల్జెనిత్సిన్ రాసిన 'గులాగ్ ఆర్కిపెలాగో'ని దీని తర్వాతే పట్టుకోండి. ఆయన రాసినప్పుడు ఆర్కైవ్స్ ఎవరికీ అందుబాటులో లేవు, తోటి ఖైదీలు చెప్పిందే ఆధారం. సంఖ్యల కోసం కాదు, ఆ వెటకారం కోసం, ఆ కోపం కోసం చదవాలి. ఆడవాళ్ళ క్యాంపు జీవితం తెలియాలంటే యెవ్గేనియా గింజ్‌బుర్గ్ ఆత్మకథ. ఆవిడ నికార్సయిన పార్టీ మనిషి, కజాన్‌లో అధ్యాపకురాలు, 1937లో అరెస్టయింది. మా నాన్న బతికి ఉంటే ఆయనకి చదివి వినిపించేదాన్ని, ఎందుకంటే పార్టీ శత్రువులు రాసింది అని కొట్టిపారేయడానికి ఆవిడ విషయంలో వీల్లేదు.

స్టీఫెన్ కొట్కిన్ రాసిన స్టాలిన్ జీవిత చరిత్ర, ఆ మహా గ్రంథం గురించి అందరూ అడుగుతారు. రెండు భాగాలు చేతిలో పట్టుకుంటే మణికట్టు నొప్పి. మొదటి దాంట్లో చాలాసేపు స్టాలిన్ కనపడడు, జారు చక్రవర్తుల రష్యా అంతా తిప్పి చూపిస్తాడు. కానీ ఆయన చెప్పే ఒక విషయం గట్టిది: తలుపులు మూసుకున్నాక కూడా వాళ్ళు బయట మాట్లాడినట్టే మాట్లాడుకున్నారు, మార్క్సిజాన్ని నిజంగానే నమ్మారు. తండ్రి కొట్టినందుకు అలా తయారయ్యాడన్న చవకబారు మనస్తత్వ శాస్త్రాన్ని ఆయన ఒప్పుకోడు. మాంటిఫియోరి 'కోర్ట్ ఆఫ్ ద రెడ్ జార్' దానికి సరిగ్గా ఎదురు, రాత్రి విందులు, భార్యలు, అసూయలు. రైలు ప్రయాణానికి బ్రహ్మాండం. అదొక్కటే చదివితే మాత్రం దేశాన్ని పదిమంది భోజనాల బల్ల దగ్గర కూర్చుని నడిపేశారు అనిపిస్తుంది. కాంక్వెస్ట్ 'గ్రేట్ టెర్రర్' 1968 నాటిది, అప్పట్లో గొప్ప సాహసం, సంఖ్యలు ఇప్పుడు పాతబడ్డాయి.

చివరగా, నేరుగా స్టాలిన్ మీద కాని పుస్తకం ఒకటి: నిరోద్ బరువా రాసిన 'చట్టో' (2004). వీరేంద్రనాథ్ చట్టోపాధ్యాయ హైదరాబాద్‌లో 1880లో పుట్టాడు. సరోజినీ నాయుడికి తమ్ముడు. తండ్రి అఘోరనాథ్ నిజాం కాలేజీతో ముడిపడిన పేరు. నాంపల్లి స్టేషన్ దారిలో గోల్డెన్ థ్రెషోల్డ్ చూసినవాళ్ళకి ఆ కుటుంబం గురించి చెప్పక్కర్లేదు. ఇంగ్లీషువాళ్ళకి వ్యతిరేకంగా లండన్, పారిస్, బెర్లిన్ అన్నీ తిరిగాడు, బ్రిటిష్ గూఢచారులు జీవితమంతా వెంటపడ్డారు. 1930ల మొదట్లో సోవియట్ యూనియన్ చేరి లెనిన్‌గ్రాడ్‌లో మానవశాస్త్ర సంస్థలో ఉద్యోగం చేశాడు. 1937 జులైలో అరెస్టు, సెప్టెంబర్ 2న కాల్చివేత. ఇంగ్లీషువాళ్ళు పట్టుకోలేకపోయిన మనిషి. ఏళ్ళ పాటు ఇక్కడివాళ్ళకి ఆయన ఏమయ్యాడో తెలియలేదు.

దానికి పద్నాలుగేళ్ళ తర్వాత, 1951 ఫిబ్రవరిలో, మన కమ్యూనిస్టు నాయకులు రాజేశ్వరరావు, బసవపున్నయ్య, వాళ్ళతో డాంగే, అజయ్ ఘోష్ రహస్యంగా మాస్కో వెళ్ళి స్టాలిన్‌ని కలిశారు. తెలంగాణ సాయుధ పోరాటం సాగించాలా వద్దా అన్నది అక్కడ చర్చకి వచ్చింది, ఆ అక్టోబర్‌లో పోరాటం విరమించారు. మా నాన్న ఈ సమావేశం గురించి గర్వంగా చెప్పేవాడు. చట్టో పేరు మాత్రం ఆయన నోట ఎప్పుడూ వినలేదు.

ఇక అంకెల సంగతి ఒక మాట. ఆరు కోట్లు, పది కోట్లు చంపాడని తిరిగే ఫార్వర్డ్‌లు నాకు పంపకండి, అసలేమీ జరగలేదనేవీ పంపకండి. ఏ పుస్తకం తీసినా ఆ సంఖ్య ఏ ఫైల్లోంచి వచ్చిందో చెప్పాడా లేదా చూసుకోండి.

ఖమ్మంలో ఉన్నవాళ్ళు అడిగితే నా కాపీలు ఇస్తాను. ఖ్లెవ్‌న్యుక్ నా మేనల్లుడికి పోస్ట్ చేశాను కాబట్టి అది ఆలస్యమవుతుంది. 'గులాగ్' తీసుకెళ్ళినాయన ఎవరో మీకే తెలుసు, దయచేసి ఇచ్చేయండి, ఇంకో ఇద్దరు ఎదురు చూస్తున్నారు.