రాసుకున్నది మళ్లీ దొరకాలంటే

జర్మన్ సామాజిక శాస్త్రవేత్త నిక్లాస్ లూమన్ (1927–1998) జీవితకాలంలో సుమారు 90 వేల చీటీలు రాసి చెక్క పెట్టెల్లో దాచుకున్నారు. ఒక్కో చీటీలో ఒక్కో ఆలోచన, దానికొక సంఖ్య, దానితో సంబంధమున్న ఇతర చీటీల సంఖ్యలు ఉండేవి. 21వ చీటీకి కొనసాగింపుగా ఏదైనా తోస్తే, 22 అప్పటికే ఉన్నా, 21ఎ అని వేసి మధ్యలో చేర్చే వీలుండటంతో ఆ పెట్టె ఎటువైపైనా పెరగగలిగింది.

నా దృష్టిలో దీని అసలు బలం సంఖ్యల్లో లేదు. కొత్త చీటీని ఎక్కడ పెట్టాలో తేల్చుకోవడానికి పాతవాటిని తిరగేయక తప్పకపోవడంలో ఉంది. కాకతీయుల నాటి చెరువుల గురించి చదువుతూ నేనొక చీటీ రాసుకున్నాను: “పూడిక తీయడమంటే నీటికి చోటు కల్పించడమే కాదు, ఆ ఒండ్రు మట్టి పొలానికి సారం.” దాని కింద రెండు సంఖ్యలున్నాయి. ఒకటి 2015లో తెలంగాణలో మొదలైన మిషన్ కాకతీయ గురించిన చీటీది. మరొకటి, ఎండాకాలంలో ఎడ్లబండ్ల మీద చెరువు మట్టి తోలేవాళ్లమని మా తాతయ్య చెప్పిన మాటది. వేర్వేరు నోటుబుక్కుల్లో ఉండిపోతే ఈ మూడూ ఎన్నటికీ కలిసేవి కావు.

కాగితమా, కంప్యూటరా అన్నది ఎవరి వీలును బట్టి వారు నిర్ణయించుకోవచ్చు. నేను మాత్రం ఏ యాప్ మూతపడినా తెరుచుకునే సాదా టెక్స్ట్ ఫైళ్లనే నమ్ముకున్నాను. చదివిన వాక్యాన్ని యథాతథంగా అతికించకుండా, సొంత మాటల్లో తిరిగి రాసి, పుస్తకం పేరూ పేజీ సంఖ్యా చేర్చిన తర్వాతే దేన్నైనా అందులోకి రానిస్తాను.