పళ్లెంలో అన్నానికి ఎంత చోటు?

హన్మకొండలో నడివయసు వాళ్లు ఇద్దరు కలిస్తే చాలు, మాట షుగర్ మీదికి, అక్కడి నుంచి అన్నం మానేయడం మీదికి పోతోంది. పిండిపదార్థాలను పూర్తిగా వదిలేస్తేనే ఆరోగ్యమని వీడియోల్లో విని, కొందరు ఒక్కసారిగా అన్నం, రొట్టె రెండూ మానేస్తున్నారు. ఈ ధోరణి నాకు ఆందోళన కలిగిస్తోంది. మన తిండిలో పిండిపదార్థాలు ఉండటం లోపం కాదు. తెల్లటి బియ్యం ఒక్కటే మిగతా అన్నిటి చోటునూ ఆక్రమించడం లోపం.

పిండిపదార్థం గ్రాముకు 4 కిలోకేలరీల శక్తినిస్తుంది. అది అరిగి గ్లూకోజుగా మారుతుంది. మామూలు తిండి తినేవారిలో మెదడు ఒక్కటే రోజుకు దాదాపు 120 గ్రాముల గ్లూకోజును వాడుకుంటుంది. ఆ గ్లూకోజు రక్తంలోకి ఎంత వేగంగా చేరుతుందన్నది ముఖ్యం. పీచు, మాంసకృత్తులు, కొవ్వు తోడుంటే అది నెమ్మదిగా చేరుతుంది. మిల్లులో బాగా పాలిష్ పట్టిన బియ్యంలో ఆ పీచు, బి విటమిన్లలో చాలా భాగం తవుడుతోనే పోతాయి.

వానకు పండే చెలకల్లో జొన్న, మక్క వేసిన కాలంలో మన ఊళ్లలో గట్క రోజువారీ తిండి. మరుగుతున్న ఎసట్లో జొన్న రవ్వ పోసి, ఉండకట్టకుండా తెడ్డుతో కలుపుతూ దగ్గరపడేదాకా ఉడికించి, చల్లారాక మజ్జిగ పోసుకుని పచ్చి ఉల్లిగడ్డతోనో మామిడికాయ తొక్కుతోనో తినేవారు. తర్వాత బోర్లు వచ్చాయి, కాకతీయ కాలువ గుండా శ్రీరాంసాగర్ నీళ్లు వచ్చాయి, 1983లో కిలో 2 రూపాయల బియ్యం వచ్చింది. ఎన్నో ఇళ్లలో ఆకలిని తీర్చిన ఆ మార్పును నేను ఏమాత్రం తక్కువ చేయను. కానీ అన్నం మూడు పూటలకూ వచ్చేసరికి జొన్న పోయింది, పప్పు పలుచబడింది, కూర అన్నం కలుపుకోవడానికి సరిపడా మాత్రమే మిగిలింది.

జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల ప్రకారం ధాన్యాల నుంచి వచ్చే శక్తి మొత్తంలో 45 శాతం మించకూడదు. పళ్లెంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, పండ్లే ఉండాలి. మన ఇళ్లలో వడ్డించే పళ్లేన్ని దీనితో పోల్చి చూడండి: అన్నం కుప్ప, దాని పక్కన రెండు గరిటెల పప్పు, ఓ అంచున కాస్త కూర. ఆ కుప్పను సగానికి తగ్గించి, పప్పును, కూరను రెట్టింపు చేయడమే నేను కోరే మార్పు. బియ్యప్పిండితోనే చేసే మన సర్వపిండిలో కూడా శనగపప్పు, పల్లీలు, నువ్వులు పడతాయి కదా. బియ్యానికి అలాంటి తోడు ఉండాలి.

తెలంగాణ సోనా బియ్యానికి గ్లైసిమిక్ సూచిక, అంటే తిన్న పిండిపదార్థం రక్తంలో చక్కెరను ఎంత వేగంగా పెంచుతుందో చెప్పే కొలత, తక్కువన్న మాట నిజమే, అది మంచి రకమే. అయితే ఆ సూచికను కొలిచేది నిర్ణీత పరిమాణంలో తినిపించి. షుగర్ బియ్యమని పేరు పెట్టి రెండింతలు తింటే రక్తంలో చేరే గ్లూకోజు కూడా పెరుగుతుంది. ఎంత తినాలన్నది ఒంటి కష్టాన్ని బట్టి కూడా ఉంటుంది. పొద్దంతా నాట్లు వేసే మనిషికి సరిపోయే అన్నం కుర్చీలో కూర్చుని పనిచేసేవారికి ఎక్కువే.

షుగర్‌కు మందులు వాడేవారు మాత్రం ఒక విషయం తప్పక గుర్తుంచుకోవాలి. ఇన్సులిన్ గానీ కొన్ని రకాల మాత్రలు గానీ వేసుకుంటూ అన్నం హఠాత్తుగా మానేస్తే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోయి, చెమటలు, వణుకు, కళ్లు తిరగడం, ఒక్కోసారి స్పృహ తప్పడం దాకా వెళ్లవచ్చు. అందువల్ల తిండి తగ్గించే ముందే డాక్టరుకు చెప్పి, మందు మోతాదు మార్చాలేమో అడగాలి.